కొబ్బరి చిప్పల తక్కెడ

పొద్దున్నుంచీ ముసురు. ఇడ్లీలోకి పచ్చడి చేద్దామని కొబ్బరికాయ కొట్టాను. కోరడం అయ్యాక రెండు చిప్పలూ పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను. వారంగా రాత్రిళ్లు విలియం బ్లై గురించే చదువుతున్నాను మరి.

బ్లై బ్రిటిష్ నౌకాదళం మనిషి. కెప్టెన్ కుక్ మూడో యాత్రలో ఇరవై ఒక్కేళ్లకే ఓడ మాస్టరు, అంటే దారి చూసుకునే అధికారి. తర్వాత బౌంటీ అనే ఓడకి నాయకుడు. తహితి నుంచి వెయ్యికి పైగా సీమపనస మొక్కల్ని వెస్టిండీస్ చేర్చే పని, అక్కడి తోటల్లో బానిసలకి చవగ్గా తిండి పెట్టడానికి. ఆ సంగతి చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

1789 ఏప్రిల్ 27న డెక్ మీది కొబ్బరికాయల కుప్ప తగ్గిందని బ్లైకి అనుమానం. తన కింది అధికారి ఫ్లెచర్ క్రిస్టియన్‌తో సహా అధికారులందరినీ దొంగలని తిట్టాడు. మర్నాడు తెల్లవారకముందే క్రిస్టియన్ తిరగబడ్డాడు. బ్లైనీ, ఇంకో 18 మందినీ 23 అడుగుల పడవలోకి దించేశారు.

ఆ పడవలో బ్లై చేసింది చూడండి: రెండు కొబ్బరి చిప్పలతో తక్కెడ. తూకపు రాయి పిస్తోలు గుండు. అలాంటివి 25 కలిస్తే ఒక పౌండు. మనిషికి పూటకి ఒక గుండెత్తు రొట్టె, అంటే సుమారు 18 గ్రాములు. తనకీ అంతే.

మధ్యాహ్నం ఉండబట్టలేక వంటింటి కాటా మీద రస్కు విరిచి 18 గ్రాములు తూచాను. రెండు కొరుకులకే అయిపోయింది.

పడవలో వాళ్లు పక్షి దొరికితే ముక్కలు చేసి, ఒకడిని అటు తిరగమని, "ఇది ఎవరికి?" అని అడిగేవాళ్లట. వాడు ఎవరి పేరు చెబితే వాళ్లకే. మా నానమ్మ మాకు తాటిముంజలు ఇలాగే పంచేది.

టోఫువా దీవిలో ఒకడిని అక్కడివాళ్లు చంపేశారు. మిగిలిన 18 మందీ 3,618 నాటికల్ మైళ్లు దాటి జూన్ 14న తిమోర్‌లోని కూపాంగ్ చేరారు. పడవలో ఆకలికి ఒక్క ప్రాణం పోలేదు. ఇంత ఓపికగా పంచిన మనిషి, ఓడ మీద ఆ కాయల దగ్గర నోరు అదుపులో పెట్టుకుని ఉంటే! 1808లో సిడ్నీలో గవర్నరుగా ఉన్నప్పుడూ సైనికులే అతన్ని నిర్బంధించారు. అది చదివి నిజంగా బాధేసింది.

దండెం మీద బట్టలు సాయంత్రానికీ ఆరలేదు. పడవలోనూ రోజుల తరబడి వానే. తడిసిన బట్టల్ని సముద్రంలో ముంచి, పిండి, మళ్లీ తొడుక్కోమన్నాడట బ్లై. వాన నీళ్లకంటే సముద్రం వెచ్చగా ఉండేదట.