జామాకు చుట్టూ వలయం

పొద్దున ఇంక్యుబేటర్ (బ్యాక్టీరియాని వెచ్చగా ఉంచి పెంచే పెట్టె) తలుపు తీస్తుంటే చేతులు వణికాయి. జామాకు రసం బ్యాక్టీరియాని ఆపుతుందా లేదా అని మూడు వారాలుగా ఇదే టెన్షన్. అమ్మమ్మ వాళ్ల పెరట్లో జామాకులు కోసుకొచ్చి, నీడన ఆరబెట్టి, పొడి కొట్టి, ఇథనాల్ అనే ఆల్కహాల్‌లో నానబెట్టి వడకట్టాను. మొదటిసారి బ్యాక్టీరియా పెంచే ప్లేట్లన్నీ బూజు పట్టి పాడైపోయాయి. ఆ రాత్రి అన్నం కూడా తినబుద్ధి కాలేదు.

ఈసారి ముల్లర్ హింటన్ అగార్ (బ్యాక్టీరియా పెరగడానికి వాడే జెల్లీ) మీద స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా పూసి, 6 మిల్లీమీటర్ల గుంటల్లో రసం వేసి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాను. ప్లేటు వెలుతురుకి ఎత్తి చూస్తే, లేత పసుపు పొర మధ్యలో జామ గుంట చుట్టూ అద్దంలా తేటగా ఒక వలయం! అక్కడ బ్యాక్టీరియా పెరగలేదన్నమాట. స్కేలు పెట్టి చూశాను, 14 మిల్లీమీటర్లు. ఉత్తి ఇథనాల్ వేసిన గుంట చుట్టూ ఏమీ లేదు. అంటే పనిచేసింది ఆకే.

ఈ.కోలై అనే ఇంకో బ్యాక్టీరియా పూసిన ప్లేటులో మాత్రం వలయం రాలేదు. ఆ జాతి బ్యాక్టీరియాకి బయట ఇంకో పొర ఉంటుంది, చాలా మందుల్ని లోపలికి రానివ్వదు. మొదటి ప్లేటులో పోలిక కోసం పక్కన పెట్టిన యాంటీబయాటిక్ డిస్క్ (మందు పట్టించిన చిన్న బిళ్ల) వలయం ముందు నాది చిన్నదే. అయినా ఎంత సంతోషమో!

వెంటనే అమ్మమ్మకి ఫోన్ చేశాను. పంటి నొప్పొస్తే జామాకు నమలమనేది ఆవిడే. "ఎంత కావాలంటే అంత కోసుకెళ్లు తల్లీ, కొమ్మ మాత్రం విరవకు" అంది.

రేపు ఇదే మళ్లీ మూడు ప్లేట్లలో వేయాలి.