క్వార్టర్ సీసాలో ఎన్ని డ్రింకులు?

నిజామాబాద్ జిల్లాలోని ఒక డీ-అడిక్షన్ కేంద్రంలో తొమ్మిదేళ్లు కౌన్సెలర్‌గా పనిచేసిన తరువాత నేను వ్యసన చికిత్సలో పీజీ చేశాను. లండన్‌లోని కింగ్స్ కాలేజ్, ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయం, అమెరికాలోని వర్జీనియా కామన్వెల్త్ విశ్వవిద్యాలయం కలిసి ఆన్‌లైన్‌లో నడిపిన కోర్సు అది. పిల్లలు పడుకున్నాక పాఠాలు వినేదాన్ని, తెల్లవారుజామున లేచి అసైన్‌మెంట్లు రాసేదాన్ని.

నా పనిని మార్చిన పాఠం చూడటానికి చాలా చిన్నది. "ఒక డ్రింక్" అంటే ఎంత? పాఠం చెప్పే మూడు దేశాల్లోనే మూడు లెక్కలున్నాయి. శుద్ధ ఆల్కహాల్ బ్రిటన్‌లో 8 గ్రాములైతే ఒక యూనిట్, ఆస్ట్రేలియాలో 10 గ్రాములు, అమెరికాలో 14 గ్రాములైతే ఒక డ్రింక్. మన సంగతి చూద్దామని ఒక ఖాళీ క్వార్టర్ సీసా తెప్పించి లేబుల్ చదివాను: 180 మిల్లీలీటర్లు, 42.8 శాతం ఆల్కహాల్. లెక్క కడితే దాదాపు 61 గ్రాములు, అంటే 10 గ్రాముల కొలతలో ఆరు డ్రింకులు తేలాయి.

తాగుడు ఎంత ప్రమాదకరంగా ఉందో తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేయించిన "ఆడిట్" ప్రశ్నావళిలో పది ప్రశ్నలుంటాయి. ఒక్కసారికి ఆరు లేదా అంతకంటే ఎక్కువ డ్రింకులు ఎంత తరచుగా తాగుతారన్నది అందులో మూడో ప్రశ్న. మా కేంద్రానికి వచ్చేవాళ్లు "ఒక్క క్వార్టరే మేడం, రోజూ పని అయినంక" అని ఎంతో నెమ్మదిగా చెప్పేవారు. ఆ మాట విని నేను కేస్ షీటులో "మితం" అని రాసిన రోజులున్నాయి. నిజానికి ఆ ఒక్క జవాబుకే ఆ ప్రశ్నలో అత్యధిక మార్కులు, నాలుగు, పడతాయి. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని 2019లో వెలువడిన జాతీయ సర్వే చెప్పింది. అలా గడప దాకా వచ్చిన ఒక్కరిని కూడా మనం తక్కువగా అంచనా వేసి పంపేస్తే ఆ తప్పు మనదే.

అయితే ఆ పాఠాలు వేటిలోనూ మన కల్లు దుకాణం లేదు. తాటికల్లు, ఈతకల్లు సంగతి కాదు నేను చెప్పేది. అల్‌ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలిపి అమ్మే కల్తీ కల్లు. 2015 సెప్టెంబరులో ఆ సరఫరా ఒక్కసారిగా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులకు, హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం ఫిట్స్‌తో, మతి తప్పిన మాటలతో, వణికే చేతులతో వచ్చారు. అది పిచ్చి కాదు. మెదడును నెమ్మదింపజేసే మందుకు నెలల తరబడి అలవాటుపడిన శరీరానికి అది హఠాత్తుగా అందకపోతే, ఇన్నాళ్లూ అణగి ఉన్న ఉద్రేకమంతా ఒక్కసారిగా పైకి లేస్తుంది. అందుకే ఆ మందును డాక్టర్ పర్యవేక్షణలో మెల్లమెల్లగా తగ్గిస్తారు. "ఈ రోజు నుంచే మానెయ్" అని ఇంట్లోవాళ్లు పెట్టించే ఒట్టు ఇలాంటివాళ్ల ప్రాణం మీదికి తెస్తుంది. సప్త వ్యసనాల లెక్క విని పెరిగిన మనకు వ్యసనమనగానే గుణదోషమే తోస్తుంది గనుక, ఈ సంగతి ఇంట్లోవాళ్లకు ఒప్పించడానికి నాకు కౌన్సెలింగ్‌లో సగం సమయం పడుతుంది.

అందుకని నా డిసర్టేషన్‌కు ఈ విషయమే తీసుకున్నాను. కల్లు తాగేవాళ్లను ఏమడగాలి, ఏ మాటల్లో అడగాలి అన్నది అందులో రాశాను. డ్రింకుల సంఖ్య అక్కడ పనికిరాదు. ఏ దుకాణం, రోజుకు ఎన్ని సీసలు, ఒక పూట తాగకపోతే ఏమవుతుంది అని అడగాలి. ఆ మధ్య అరవై దాటిన ఒక అవ్వను, ఒక పూట తాగకపోతే ఏమవుతుందని అడిగాను. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, "నిద్ర వట్టది బిడ్డా. పోయిన ఉగాదికి కింద పడి కొట్టుకున్న, గాలి సోకిందని తాయెత్తు కట్టిచ్చిన్రు" అన్నది. మానమని నేను చెప్పలేదు. కేస్ షీటులో ఫిట్స్ అని రాసి, అవ్వను ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకువెళ్లాను.