32 ప్రశ్నల ఫారం

"రోజుకు ఎన్నిసార్లు వెళ్తున్నారు?" అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుళ్లు పడే జబ్బు) అని తేలినప్పటి నుంచి డాక్టరు గారు అడిగే మొదటి ప్రశ్న ఇదే. మొదట్లో పది, పన్నెండు అనేదాన్ని. పేగు వాపు తగ్గడానికిచ్చే మెసలమైన్ మాత్రలకి లొంగలేదు. స్టెరాయిడ్లతో రక్తం పడటం ఆగింది కానీ ముఖం ఉబ్బింది, నిద్ర పోయింది. చివరికి వాపును అణిచే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు నరానికి ఎక్కించారు: మొదటి రోజు, రెండో వారం, ఆరో వారం, ఆపైన ఎనిమిది వారాలకోసారి. కొన్ని నెలలకు నా జవాబు "రెండు" అయింది. మల పరీక్షలో పేగు వాపును చూపే కాల్‌ప్రొటెక్టిన్ కూడా తక్కువే, 100 లోపే. "చాలా బాగుంది" అన్నారు. నేనూ తలూపి వచ్చేశాను.

ఒకసారి మందు ఎక్కుతుండగా నర్సు ఒక ఫారం ఇచ్చింది. పేరు ఐబీడీక్యూ, పేగు వాపు జబ్బున్నవాళ్ల రోజువారీ జీవితం ఎలా ఉందో కొలిచే ప్రశ్నావళి, కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో తయారైంది. 32 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 7 మార్కులు, ఏ ఇబ్బందీ లేకపోతే 7. గత రెండు వారాల సంగతే రాయాలి.

కడుపు ప్రశ్నలు చకచకా అయిపోయాయి. "పొట్ట బాధవల్ల, వస్తానని ఒప్పుకున్న చోటికి వెళ్లడం మానుకున్నారా?" లేదని 7 పెట్టాను. పెట్టాక పెన్ను ఆగింది. ఎవరు పిలిచినా ముందే రాననేస్తున్నాను కదా, ఇక మానుకోవడానికి ఏముంది! టాయిలెట్ దొరకదేమోనన్న భయం గురించి అడిగినప్పుడు బ్యాగు వైపు చూశాను. అడుగున ఒక జత లోదుస్తులు, తడి టిష్యూలు, నల్ల కవరు. నెలలుగా వాటి అవసరం రాలేదు. అయినా రోజూ పొద్దున్నే ఉన్నాయో లేదో తడిమి చూసుకుంటాను. ప్రయాణం ఉంటే ముందురోజు రాత్రి నుంచే పస్తు. 2 పెట్టాను. నీరసానికీ అంతే.

మొత్తం 224కి 141. మందుల ట్రయల్స్‌లో 170 దాటితే జబ్బు అణిగినట్టు లెక్కట.

డాక్టరు గారు కాగితం చూసి, "ఇంత నీరసంగా ఉంటే ఎప్పుడూ చెప్పలేదేమమ్మా?" అన్నారు.

"మీరు అడగలేదు కదండీ."

రక్త పరీక్ష చేస్తే ఫెర్రిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వను చూపేది, బాగా తక్కువ. ఐరన్ నరానికి ఎక్కించాక, కొన్ని వారాలకు మధ్యాహ్నాలు నిలబడగలిగాను. భయం మాత్రం అంత తేలిగ్గా పోలేదు. కౌన్సెలర్ దగ్గరికి పంపారు. ఆమె ఇచ్చిన మొదటి హోంవర్క్: బ్యాగు ఇంట్లో పెట్టి వీధి చివరిదాకా వెళ్లి రావడం. నవ్వొచ్చింది, తీరా గేటు దాటగానే చెమటలు పట్టాయి.

ఆర్నెల్ల తర్వాత మళ్లీ అదే ఫారం. మొత్తం 178. ఆ "మానుకున్నారా" ప్రశ్నకు మాత్రం 7 నుంచి 6కి తగ్గాను. మూడు పిలుపులకు వస్తానని ఒప్పుకుని, ఒకదానికి వెళ్లలేకపోయాను మరి.