మూడు సెంట్ల కౌలు, ఒక ట్రైలర్ ఎరువు

మూడేళ్ల వెయిటింగ్ లిస్టు తర్వాత, మొన్న అక్టోబరులో నాకు రెడింగ్‌లో అలాట్‌మెంట్ దొరికింది. కూరగాయలు పండించుకోవడానికి ఏడాదికింత అని కౌలుకిచ్చే నేల చెక్కను ఇంగ్లండ్‌లో అలా అంటారు. దీన్ని ఇప్పటికీ పాతకాలపు రాడ్లలోనే కొలుస్తారు. పూర్తి ప్లాటు పది రాడ్లు, అంటే సుమారు 250 చదరపు మీటర్లు. నాకిచ్చింది అందులో సగం. వీడియో కాల్‌లో లెక్క చెబితే నాన్న ఒక్క క్షణం ఆలోచించారు. "అంటే మూడు సెంట్లు. దానికి కౌలు కాయితం కూడా రాశారా తల్లీ?" అని ఒకటే నవ్వు. గుంటూరు దగ్గర మిరప వేసే మనిషికి మూడు సెంట్లంటే కళ్లం కింద పోయే జాగా.

తీరా వెళ్లి చూస్తే నేల కనపడలేదు. నడుం ఎత్తు గడ్డి, ముళ్ల తీగలు, ఎవరో వదిలేసిన ప్లాస్టిక్ కుర్చీ. మా ఆయన రొటావేటర్ అద్దెకు తెచ్చి ఒక్క పూటలో దున్నేద్దామన్నాడు. పక్క ప్లాటు పెద్దాయన అది విని కంగారుగా లేచొచ్చాడు. ఫోర్కుతో మట్టి తిరగేసి, సేమియా లాంటి తెల్లటి వేళ్లు తీసి చూపించాడు. బైండ్‌వీడ్ అనే తీగ కలుపు. దీని వేరు ఎన్ని ముక్కలైతే అన్ని మొక్కలు లేస్తాయట. రొటావేటర్ పెడితే మనమే నారు పోసినట్టు. అందుకని సగం నేల చేత్తో తవ్వాం. ఒక్కో వేరూ ఏరి బకెట్‌లో వేశాం. ఆరు ఆదివారాలు పట్టింది. నా నడుం సంగతి అడక్కండి. మిగతా సగంలో గడ్డి కోసేసి, సైకిల్ షాపు వాళ్లిచ్చిన అట్టపెట్టెలు విప్పి పరిచి, పైన నల్ల పట్టా కప్పాం. వెలుతురు తగలకపోతే గడ్డి దానంతటదే చస్తుంది. బైండ్‌వీడ్ మాత్రం అంత తేలిగ్గా చావదు, ఇంకో రెండేళ్లు పీకుతూనే ఉండాలట.

తవ్విన నేలలో ఒక్కో పెళ్ల ఇటుకంత ఉంది. పలగ్గొడదామంటే పెద్దాయన వద్దన్నాడు. ఇదే నాన్నకి చెబితే ఆయనకి వెంటనే అర్థమైంది. మన దగ్గర వేసవి దుక్కి దున్ని పెళ్లల్ని ఎండకి వదిలేస్తాం. ఇక్కడ ఎండ చేసే పని మంచు చేస్తుంది. బంకమట్టిలోని నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది, కరిగి తగ్గుతుంది. ఆ లాగుడుకి పెళ్ల పగిలిపోతుంది. ఫిబ్రవరిలో వెళ్లి బూటు మొనతో తంతే నిజంగానే పొడైపోయింది. తడి నేల మీద మాత్రం కాలు పెట్టనివ్వడు ఆ పెద్దాయన. తొక్కితే మళ్లీ ఇటుకేనట. అందుకని ఒక చెక్క పలక వేసుకుని దాని మీద నిలబడి పని చేశాను.

ఇక ఎరువు. అసలు చెప్పాలనుకున్నది ఇదే. జనవరిలో, ఊరి చివర గుర్రాలు పెంచే వాళ్లు ఒక ట్రైలర్ ఎరువు ఉచితంగా దింపి వెళ్లారు. నల్లగా మాగి, వాసన కూడా లేదు. నాకైతే పండగే. మా ఊళ్లో పొలంలో గొర్రెల మంద కట్టించడానికే డబ్బులివ్వాలి మరి! పార పట్టుకుని దిగబోతుంటే పెద్దాయన, "ముందు చిక్కుడు గింజలు పెట్టి చూడండి" అన్నాడు.

ఇక్కడ పచ్చిక బయళ్లలో కలుపు చావడానికి అమినోపైరాలిడ్ అనే మందు కొడతారు. ఆ గడ్డి తిన్న గుర్రానికి ఏమీ కాదు. కానీ మందు పేడలో అలాగే బయటికొస్తుంది, కుప్పలో మాగినా తొందరగా పోదు. ఆ ఎరువు వేస్తే టమాటా, బంగాళాదుంప, బీన్స్ ఆకులు ముడుచుకుపోతాయి. 2008లో బ్రిటన్‌లో చాలా తోటలు ఇలాగే దెబ్బతింటే, ఆ మందు అమ్మకాలు కొంతకాలం ఆపించారు కూడా.

ఆరు కుండీలు తీసుకున్నాను. మూడింట్లో ఎరువూ కొన్న కంపోస్టూ సగం సగం, మూడింట్లో ఉత్త కంపోస్టు. ఒక్కోదాంట్లో మూడేసి బ్రాడ్ బీన్స్ గింజలు పెట్టి, కిటికీ దగ్గర విడివిడి పళ్లేల్లో ఉంచాను, ఒకదాని నీళ్లు ఇంకోదానికి తగలకుండా. అన్నీ మొలిచాయి. నాలుగో వారానికి ఎరువు కుండీల్లో లేత ఆకులు దొప్పల్లా ముడుచుకుని, చివర్లు మెలికలు తిరిగాయి. పక్కనే మిగతా మూడూ చక్కగా నిలబడ్డాయి. చూసి కడుపులో దేవినట్టయింది. ఆ ట్రైలర్ మొత్తం పరిచేసి ఉంటే మొదటి ఏడు పంట గంగలో కలిసేది. ఇచ్చిన వాళ్లని అడిగితే, తాము ఏ మందూ కొట్టలేదన్నారు. నిజమే కావచ్చు, మందు కొన్న ఎండుగడ్డిలో వచ్చి ఉండొచ్చు. ఆ మందు గడ్డి జాతిని ఏమీ చేయదు కాబట్టి, ఎరువునంతా కంచె పక్క పచ్చిక మీద పలచగా చల్లేశాం. మళ్లకి కంపోస్టు బస్తాలు కొనక తప్పలేదు. ఉచితం ఎరువు చివరికి అలా ఖర్చు పెట్టించింది.

మిగతాదంతా సాఫీగానే సాగింది. విత్తనపు బంగాళాదుంపల్ని కోడిగుడ్ల అట్టల్లో కళ్లు పైకుండేలా నిలబెట్టి, మొలకలొచ్చాక గుడ్‌ఫ్రైడే వారం నాటాం. వంకాయ, మిరప ఫిబ్రవరిలోనే ఇంట్లో మొలకెత్తించాను. గోంగూర ఏప్రిల్లో. అది ఇంకా కిటికీలోనే ఉంది, నాలుగాకులు వేసింది. ఇక్కడ మే నెల సగం దాటేదాకా రాత్రి మంచు పడొచ్చు. నాన్న మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా "గోంగూర బయట పెట్టావా?" అనే అడుగుతున్నారు.

పరీక్షకి వేసిన మంచి కుండీల్లోని తొమ్మిది బ్రాడ్ బీన్స్ మొక్కల్నీ మార్చిలో మడిలోకి మార్చాను. ఈ వారం అవి పూతకొచ్చాయి.