పాత కంప్యూటర్‌లో ఏ సైటు తెరిచినా సర్టిఫికెట్ ఎర్రరేనా? ముందు తేదీ చూడండి

మూలన పడి ఉన్న కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేసి ఏ సైటుకు వెళ్లినా "మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు" అన్న పేజీ ఎదురైతే, చాలామంది అడ్వాన్స్‌డ్ నొక్కి "ఫర్వాలేదు, పోనీ" అనేస్తారు. లేదంటే బ్రౌజర్ తీసేసి మళ్లీ వేస్తారు. మొదటిది ప్రమాదం, రెండోది చాలాసార్లు దండగ. చూడ్డానికి పేజీ ఒక్కటే అయినా దాని వెనక ఉండే జబ్బులు వేరు, ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. ఏ జబ్బో ఆ పేజీ మీదే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.

క్రోమ్‌లో అయితే ఎర్రర్ కోడ్ చివరి మాటలు చూడండి. 'డేట్ ఇన్‌వాలిడ్' అంటే తేదీల పేచీ. 'అథారిటీ ఇన్‌వాలిడ్' అంటే సర్టిఫికెట్ (సైటు అసలుదేనని చూపే డిజిటల్ గుర్తింపు పత్రం) జారీ చేసిన సంస్థను మీ కంప్యూటర్ గుర్తుపట్టడం లేదు. 'వెర్షన్ ఆర్ సైఫర్ మిస్‌మ్యాచ్' అంటే అసలు సర్టిఫికెట్ దాకా వ్యవహారం వెళ్లనే లేదు, కంప్యూటర్, సైటు గుట్టుగా మాట్లాడుకునే భాష దగ్గరే ఆగిపోయింది. 'కామన్ నేమ్ ఇన్‌వాలిడ్' వస్తే సర్టిఫికెట్‌లో ఉన్న పేరు వేరు, మీరు వెళ్లిన సైటు పేరు వేరు. అది ఎక్కువగా సైటు వాళ్ల పొరపాటే, లేదా లాగిన్ అడిగే వైఫై మధ్యలో అడ్డుపడటం. ఇంకేం ముట్టుకోకముందు అదే సైటును ఫోన్‌లో మొబైల్ డేటా మీద తెరిచి చూడండి. అక్కడా ఇదే గొడవ అయితే తప్పు సైటుది, మీ కంప్యూటర్ జోలికి వెళ్లకండి.

ఇక తేదీ. ప్రతి సర్టిఫికెట్‌లో రెండు తేదీలుంటాయి, ఎప్పటినుంచి చెల్లుతుంది, ఎప్పటిదాకా చెల్లుతుంది అని. కంప్యూటర్ గడియారం 2009లో ఆగి ఉంటే ఇప్పటి సర్టిఫికెట్లన్నీ ఇంకా పుట్టనివే. 2020 సెప్టెంబర్ నుంచి సైటు సర్టిఫికెట్ గరిష్ఠ గడువు 398 రోజులు, 2026 మార్చి 15 నుంచి జారీ అయ్యేవాటికి 200 రోజులే. 2029 మార్చికి 47 రోజులకు కుదిస్తారు. చాలా సైట్లు ఇప్పటికే 90 రోజులవి వాడుతున్నాయి. అంటే సంవత్సరం సరిగ్గా ఉండి నెల తప్పినా చాలు, ఎర్రర్ వచ్చేస్తుంది.

తేదీ దిద్దేటప్పుడు ఒక చిక్కు ఉంది. విండోస్‌లో ఇంటర్నెట్ టైమ్ ట్యాబ్‌లో 'అప్‌డేట్ నౌ' నొక్కితే చాలదు. మామూలు ఇంటి కంప్యూటర్‌లో తేడా 15 గంటలు దాటితే విండోస్ టైమ్ సర్వీసు దిద్దడానికి ఒప్పుకోదు, మార్పు మరీ పెద్దదిగా ఉందని వదిలేస్తుంది. ముందు తేదీ, సంవత్సరం, టైమ్ జోన్ మీరే చేత్తో సరిచేసి, ఆ తర్వాత సింక్ చేయండి. విండోస్, లినక్స్ రెండూ ఉన్న మెషిన్‌లో ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వచ్చినప్పుడల్లా గంటల తేడా కనిపిస్తే అది బ్యాటరీ జబ్బు కాదు. లినక్స్ మదర్‌బోర్డు గడియారాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంచుతుంది, విండోస్ స్థానిక సమయం అనుకుంటుంది, అంతే.

దిద్దిన తేదీ మళ్లీ మళ్లీ పోతుంటే మదర్‌బోర్డు మీద ఉన్న నాణెం లాంటి బ్యాటరీ అయిపోయినట్టు. గోడ దగ్గర స్విచ్ కట్టేయకపోతే గడియారం బాగానే నడుస్తుంది, ఎందుకంటే ప్లగ్గులోంచి వచ్చే స్టాండ్‌బై కరెంటు దాన్ని మోస్తుంది. స్విచ్ కట్టేసిన మర్నాడే తేదీ వెనక్కి పోతుంది. డెస్క్‌టాప్‌లలో దాదాపుగా ఉండేది సీఆర్ 2032, అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు. సీఆర్ 2025 కూడా 3 వోల్టులే, కానీ పలచన. క్లిప్పులో వదులుగా కూర్చుంటుంది, తెచ్చుకోకండి. మల్టీమీటర్‌లో 2.8 కన్నా తక్కువ చూపిస్తే మార్చేయడమే మేలు. ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఇదే బిళ్ల ప్లాస్టిక్ తొడుగులో, రెండు తీగలతో కనెక్టర్‌కి తగిలించి ఉంటుంది.

బ్యాటరీ పీకే ముందు బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) సెట్టింగ్స్‌ను ఫోన్‌తో ఫొటో తీసుకోండి, ముఖ్యంగా సాటా మోడ్ (హార్డ్ డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) ఉన్న పేజీ. బ్యాటరీ తీయగానే సెట్టింగ్స్ మొదటికొస్తాయి. ఏహెచ్‌సీఐ అన్న మోడ్‌లో ఇన్‌స్టాల్ అయిన విండోస్‌కు ఆ మోడ్ ఐడీఈగా మారితే బూట్ అవదు, నీలి తెర వస్తుంది. హార్డ్ డిస్క్ పోయిందనుకుని కంగారుపడేవాళ్లు ఎక్కువ, నిజానికి ఆ ఒక్క సెట్టింగ్ వెనక్కి మారిస్తే చాలు. ప్లగ్గు పీకి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి ఉంచి, ఆ తర్వాతే డబ్బా విప్పండి. కొత్తది పెట్టేటప్పుడు ప్లస్ గుర్తు పైకి.

తేదీ సరిగానే ఉన్నా ఎర్రర్ పోకపోతే, ఆ పేజీలోంచే సర్టిఫికెట్ తెరిచి 'ఇష్యూడ్ బై' దగ్గర ఏ పేరుందో చూడండి. అక్కడ మీ యాంటీవైరస్ పేరు కనిపిస్తే దోషి అదే. సైట్లతో గుట్టు కనెక్షన్లను తనిఖీ చేసే దాని హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ మధ్యలో దూరి తన సర్టిఫికెట్ చూపిస్తోంది. ఆ స్కానింగ్ ఒక్కటి ఆపండి, గడువు తీరిన పాత యాంటీవైరస్ అయితే పూర్తిగా తీసేయండి.

అక్కడ మామూలు సంస్థ పేరే ఉంటే సమస్య రూట్ సర్టిఫికెట్లది. కంప్యూటర్ దగ్గర నమ్మదగిన సంస్థల జాబితా ఒకటి ఉంటుంది, రూట్లంటే ఆ సంస్థల సొంత సర్టిఫికెట్లు. ఏళ్ల తరబడి అప్‌డేట్ లేకపోతే అది పాతబడుతుంది. 2021 సెప్టెంబర్ 30న డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అన్న రూట్ గడువు తీరింది. సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ సర్టిఫికెట్లను పాత కంప్యూటర్లు నమ్మింది ఆ రూట్ ఆసరాతోనే. దాని స్థానంలో ఉన్న ఐఎస్ఆర్‌జీ రూట్ ఎక్స్1 మీ జాబితాలో లేకపోతే కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని తెరుచుకోవు. ఈ 'కొన్ని' అన్నదే ఆనవాలు. తేదీ తప్పితే దాదాపు అన్నీ మొండికేస్తాయి.

ఇక్కడ ఫైర్‌ఫాక్స్ మంచి పరీక్ష. అది విండోస్ జాబితా మీద ఆధారపడదు, సొంత జాబితా వెంట తెచ్చుకుంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో తెరుచుకుని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరుచుకోకపోతే విండోస్ జాబితాదే లోపమని అనుమానించవచ్చు. మందు ఇది: బాగా పనిచేసే వేరే కంప్యూటర్‌లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అధికారిక సైటు నుంచి ఆ రూట్ ఫైలు దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. డబుల్ క్లిక్ చేసి, వివరాల్లో కనిపించే వేలిముద్ర సంఖ్యను నమ్మదగిన కంప్యూటర్‌లో కనిపించేదానితో పోల్చండి. ఆ తర్వాత ఇన్‌స్టాల్ సర్టిఫికెట్ నొక్కి, ఏ అరలో పెట్టాలో మీరే ఎంచుకోండి: ట్రస్టెడ్ రూట్ సర్టిఫికేషన్ అథారిటీస్. ఆటోమేటిక్‌కు వదిలేస్తే ఇంకో అరలోకి వెళ్లి కూర్చోవచ్చు, అప్పుడు పెట్టినా పెట్టనట్టే. ఎవరో అప్‌లోడ్ చేసిన 'అన్ని రూట్లూ ఒకే ప్యాక్' లాంటివి మాత్రం వేయకండి. అందులో ఒక్క దొంగ రూట్ ఉన్నా, దాని యజమాని ఏ సైటు వేషమైనా వేయగలడు.

మ్యాక్‌లో ఇదే పని కీచైన్ యాక్సెస్‌లో. ఎల్ క్యాపిటన్, అంతకన్నా పాతవాటికి ఈ రూట్ చేత్తో పెట్టాల్సిందే. సిస్టమ్ కీచైన్‌లోకి లాగి, ట్రస్ట్ కింద 'ఆల్వేస్ ట్రస్ట్' ఎంచుకోవాలి. లినక్స్‌లో సీఏ సర్టిఫికెట్స్ అన్న ప్యాకేజీ అప్‌డేట్ చేస్తే సాధారణంగా సరిపోతుంది.

చివరగా భాష గొడవ. ఆ గుట్టు భాష పేరే టీఎల్ఎస్. 2020 నుంచి బ్రౌజర్లు దాని పాత వెర్షన్లు 1.0, 1.1లను వదిలేస్తూ వచ్చాయి, సైట్లూ అదే దారి పట్టాయి. ఇప్పుడు కనీసం 1.2 కావాలి. విండోస్ 7లో ఇంటర్నెట్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో 'యూజ్ టీఎల్ఎస్ 1.2' దగ్గర టిక్ ఉందో లేదో చూడండి. బ్రౌజర్ బాగుండి మెయిల్ ప్రోగ్రామో, ఇంకేదో అప్‌డేటరో మాత్రమే కనెక్ట్ కాకపోతే కేబీ 3140245 అన్న అప్‌డేట్, దానితోపాటు వేయాల్సిన రిజిస్ట్రీ మార్పు అవసరం కావచ్చు. అప్‌డేట్ ఒక్కటే వేసి ఊరుకుంటే ఏమీ మారదు.

ఎక్స్‌పీకి ఈ టిక్కే లేదు, దాని సొంత టీఎల్ఎస్ 1.0 దగ్గరే ఆగిపోయింది. సర్వీస్ ప్యాక్ 3 లేకపోతే ఇప్పటి సర్టిఫికెట్ల మీద ఉండే షా-256 రకం డిజిటల్ సంతకాలే అర్థం కావు. ఎక్స్‌పీ మీద నడిచే ఆఖరి ఫైర్‌ఫాక్స్ 52 ఈఎస్ఆర్‌లో (ఎక్కువకాలం అప్‌డేట్లు ఇచ్చే రకం వెర్షన్) టీఎల్ఎస్ 1.2, ఐఎస్ఆర్‌జీ రూట్ ఎక్స్1 రెండూ ఉన్నాయి కాబట్టి చాలా సైట్లు తెరుచుకుంటాయి. డ్రైవర్ దించుకోవడానికో, మాన్యువల్ చదువుకోవడానికో దాన్ని వాడండి, బ్యాంకు సైటులో పాస్‌వర్డ్ కొట్టడానికి మాత్రం వద్దు. విండోస్ 7కి ఆఖరి క్రోమ్ 109, అంతకన్నా ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ నయం. మెషిన్ 64 బిట్‌ది అయితే తేలికపాటి లినక్స్ వేసేయడం వీటన్నిటికన్నా తక్కువ శ్రమ. 32 బిట్‌దైతే ఆలోచించుకోవాలి, డెబియన్ కూడా 12 తర్వాత 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది.