రెండు నిమిషాలు

ఆదివారం, రాత్రి 10:30

పరీక్షకి ఇంక 19 రోజులు. వంటింటి గోడకున్న క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ నాయన ఎర్రపెన్నుతో సున్నా చుట్టిపెట్టాడు. దాని కిందనే యూరియా బస్తాల లెక్క, పైన పాలు పొయ్యని రోజులకి గీతలు. విదేశాలకి పోను నేను రాస్తున్న ఈ ఐఈఎల్‌టీఎస్ పేరు పలకడానికి ఆయనకి నోరు తిరగదు, "ఆ ఇంగిలీసు పరీచ్చ" అంటాడు. ఫీజు కట్టిన రోజు మాత్రం తన లెక్క తను వేసుకున్నాడు: "పుట్టి వడ్లు." పుట్టి అంటే మా నెల్లూరు జిల్లాలో 850 కిలోలు. పోయిన పంటలో పుట్టికి మాకు వచ్చిన డబ్బుకీ ఈ ఫీజుకీ పెద్ద తేడా లేదు. అప్పట్నించీ మాక్ టెస్టులో మార్కు పోయిందంటే కళ్ళంలో వడ్లు ఒలికిపోయినట్టే ఉంటుంది నాకు. ఆ మార్కులు రెండేళ్ళే చెల్లుతాయన్న సంగతి ఆయనకింకా చెప్పలేదు.

పొద్దున నాలుగున్నరకే మెలకువొచ్చింది. ఎడగారు పైరు పొట్ట మీదుంది. నీళ్ళు చూసుకోడానికి పోతూ నాయన టార్చిలైటు కోసం ఇల్లంతా కదిలించాడు. ఎటూ లేచాను గదా అని లిజనింగ్ పెట్టుకున్నాను. 40 ప్రశ్నలు, అరగంట, ఏదైనా ఒక్కసారే వినిపిస్తారు. మొదటి భాగం తేలికని అందరూ అంటారు. ఎవరో ఫోన్ చేసి గది అద్దెకడుగుతారు, పేరూ అడ్రసూ ఒక్కో అక్షరం పలికి చెప్తారు, మనం రాసుకోవడమే. నేను పోగొట్టుకునేది సరిగ్గా అక్కడ. వాళ్ళు 'ఈ' అంటే నా చెయ్యి దానంతటది ఐ రాసేస్తుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. రవి, హరి, శ్రీదేవి అని ఇంగ్లీషులో పేర్లు రాసీ రాసీ, చెవికి 'ఈ' వినపడితే చేతికి ఐ రావడం ఎప్పుడో ఖాయమైపోయింది. బుర్రకి తెలుసు, చేతికి తెలీదు. జీ, జే సంగతి సరేసరి.

ఇంకో చిక్కుంది. ఫోన్ నంబరు మొత్తం చెప్పి, మనం హమ్మయ్య అని రాసుకున్నాక, "అయ్యో కాదు, అది పాత నంబరు" అంటారు. కావాలనే అంటారు. పూటకోసారి మాట మార్చే మనుషుల మధ్య పెరిగినదాన్ని, అయినా ప్రతిసారీ పడతాను.

తొమ్మిది బస్సుకి బయల్దేరితే, ఎదురింటి పెద్దమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ, "యాడికిమే, ఆదివారం పూట ఇస్త్రీ చుడిదారేసినావు?" అంది. కోచింగన్నాను. "ఆదివారం కోచింగేంది" అని నన్నొదిలేసి పక్కనున్నావిడ వైపు చూసి నవ్వింది. ఈపాటికి నాకు పెళ్ళిచూపులయ్యాయని కోవూరులో సగానికి తెలిసే ఉంటుంది.

పెన్న బ్రిడ్జి మీద ట్రాఫిక్ ఆగింది. అవతలి ఒడ్డున రంగనాయకుల గుడి గాలిగోపురం. దాన్ని ఇంగ్లీషులో ఏమంటే అవతలివాళ్ళకి కనపడుతుందా అని ఆలోచించి టవర్ దగ్గర ఆగిపోయాను. టవరంటే మాకు సెల్ టవరే. పరీక్ష విజయవాడలో. ముందురోజు నెల్లూరులో ఎక్కాల్సిన రైలుకి కూడా ఈ ఏటి పేరే, పినాకిని. రిజర్వేషన్ అయిందిగానీ, నాయన తోడొస్తానంటాడు, వద్దంటే వినడు.

కోచింగు ట్రంకురోడ్డులో ఓ బట్టలకొట్టు పైన. ఆషాఢం తగ్గింపులు గదా, కిందనుంచి మైకు ఆగదు. లిజనింగ్ చివరి భాగంలో ఎవరో ప్రొఫెసరు సముద్రపు పక్షుల గురించి చెప్తుంటే, మధ్యలో "ఒకటి కొంటే రెండు ఉచితం" అని వినపడింది. 40లో 27 వచ్చాయి. పోయిన 13లో నాలుగు, జవాబు తెలిసీ పోగొట్టుకున్నవి. అకామడేషన్లో ఒక ఎం తినేశాను. రెండుచోట్ల చివర ఎస్ లేదు. ఇంకోచోట రెండు మాటలకి మించకూడదని పైనే ఉంటే మూడు రాశాను. ఆ మూడో మాట తప్పు కూడా కాదు, ఎక్కువ. అంతే.

రీడింగ్‌లో నన్ను చంపేది నాట్ గివెన్, అంటే పాఠంలో ఆ సంగతే లేదని. ట్రూ, ఫాల్స్ రెండే ఉంటే ఎట్లాగో నెట్టుకొచ్చేదాన్ని. ఈ రోజు ఒక పాఠంలో, ప్రతి చలికాలం చుట్టుపక్కల పల్లెల జనం ఆ ఊరి ఉప్పు కొఠార్లలో పనికి వచ్చేవాళ్ళని ఉంది. కింద ప్రశ్నలో, కూలి ఎక్కువ కాబట్టి వచ్చేవాళ్ళని ఉంది. నేను ట్రూ పెట్టాను. కూలి ఎక్కువ కాకపోతే ఇల్లూ గొడ్డూ వదిలి ఎవరు పోతారు? సారు పెన్సిల్‌తో ఆ పేరా అంతా గీత గీసి, "కూలి అన్న మాట ఎక్కడుందో చూపించమ్మా" అన్నాడు. లేదు. వచ్చారనే ఉంది, ఎందుకొచ్చారో లేదు. ఉన్నది ఉన్నట్టు చదివి, లేనిదాన్ని లేదని ఒప్పుకోవాలట. మా వీధిలో అలా ఒప్పుకునేవాళ్ళెవరు! పెద్దమ్మకి ఆ ప్రశ్నపత్రం ఇస్తే నలభైకి నలభై ట్రూ పెట్టి, పైన ఇంకో నాలుగు తనే కలిపి రాస్తుంది. నాకు 23 వచ్చాయి.

రైటింగ్ గురించి రాయడానికేమీ లేదు. మొదటి ప్రశ్నలో గ్రాఫుకి 150 మాటలు చాలు, నేను ముద్దుగా దానిమీదే 35 నిమిషాలు కూర్చున్నాను. రెట్టింపు విలువున్న రెండో ప్రశ్నకి 250 కావాలి, 190 దగ్గర టైమైపోయింది.

స్పీకింగ్. సారు ఎదురు కుర్చీలో ఎగ్జామినర్లా కూర్చుంటాడు, మిగతావాళ్ళు వెనక బెంచీల్లో. ఊరు, ఇల్లు, తిండి గురించి అడిగిన చిన్న ప్రశ్నలు బాగానే దాటాను. తర్వాత కార్డు: ఈ మధ్య మీరు వెళ్ళిన ఒక పండుగ గురించి చెప్పండి. ఎక్కడ, ఎవరితో, ఏం చేశారు, ఎందుకు గుర్తుండిపోయింది. ఆలోచించుకోడానికి ఒక నిమిషం, మాట్లాడటానికి ఒకటి నుంచి రెండు నిమిషాలు. నాకు లోపల్లోపల భలే సంతోషమేసింది. మొన్న మొహర్రానికి అవ్వతో రొట్టెల పండక్కి పోయొచ్చాను గదా! పన్నెండు మంది అమరుల బారాషహీద్ దర్గా, స్వర్ణాల చెరువు, నీళ్ళల్లో నిలబడి ఒకరికొకరు రొట్టెలిచ్చుకునే జనం. ఇంతకన్నా మంచి పండగ ఎవరి దగ్గరుంటుంది?

నోరు తెరిచి, "బ్రెడ్ ఫెస్టివల్" అన్నాను. అనగానే అది బేకరీవాళ్ళు చేసుకునేదిలా అయిపోయింది. జనం చెరువులో నిలబడతారని చెప్పాను. ఎందుకో చెప్పాలి గదా. కోరికున్నవాళ్ళు రొట్టె పట్టుకుంటారు, అది తీరినవాళ్ళు మళ్ళీ ఏడు వచ్చి వదుల్తారు. ఈ పట్టుకోవడం, వదలడం ఎట్లా చెప్పాలి? "క్యాచ్ ద బ్రెడ్" అన్నాను. వెనక బెంచీలో ఒకడు క్రికెట్ బంతి పట్టినట్టు చేతులు పెట్టాడు. నాకూ నవ్వొచ్చింది. నవ్వాక ఇంకేమీ రాలేదు. సారు గడియారం వైపు చూపించాడు: 52 సెకన్లు.

"గ్రామర్ కాదమ్మా నీ సమస్య, ఆగిపోవడం" అన్నాడు. మాట సాగడం, మాటల ఎంపిక, వ్యాకరణం, ఉచ్చారణ, నాలుగింటికీ సమానంగా వేస్తారట. ఉచ్చారణంటే అవతలివాడికి అర్థం కావడమే, యాస మార్చుకోనక్కర్లేదట. ఇదే ముక్క నేను ముందు చేరిన చోట చెప్పుంటే, రెండు నెలలు నాలిక మడతపెట్టే కసరత్తు తప్పేది.

మొత్తం లెక్క, ఒక్కోదాన్ని 9కి మార్చి వేస్తే: లిజనింగ్ 6.5, రీడింగ్ 6, రైటింగ్ 5.5, స్పీకింగ్ 5.5. కలిపితే 23.5, నాలుగుతో భాగిస్తే 5.875, దగ్గరి అరకి సర్దితే 6. నేను అప్లై చేసిన చోట 6.5 కావాలి, ఏదీ 6కి తగ్గకూడదు. సగటు 6.25 వస్తే దాన్ని 6.5 చేస్తారు కాబట్టి నాలుగూ కలిపి 25 రావాలి. ఒకటిన్నర తక్కువ. మార్కులు తగ్గిన రోజు కారం దోశ తినాలని నాకో నియమం. ఎర్రకారం నషాళానికి అంటితే కళ్ళనీళ్ళకి వేరే కారణం చెప్పుకోవచ్చు.

సాయంత్రం అవ్వ వాకిట్లో మంచం మీద కూర్చోనుంది. పక్కన చేరి, రొట్టెల పండగ గురించి చెప్పమన్నాను.

"నువ్వూ వస్తివి గదే."

"నేను రాలేదనుకోని చెప్పు."

ఫోన్లో స్టాప్‌వాచి పెట్టి దిండు కింద దాచాను.

"యాడ మొదలుపెట్టేది... దర్గామిట్టలో బస్సు దిగినామా, ఇసకేస్తే రాలరు జనం. లోపల పన్నెండు మందికీ దణ్ణం పెట్టుకోని చెరువుకాడికి పోతిమి. నీళ్ళు మోకాళ్ళ దాకా... కాదు కాదు, మోకాళ్ళ దాకా పోయినేడు. ఈయేడు పిక్కలకే. ఒక బిడ్డ, ముసుగేసుకోని, సన్నంగా ఉండాది, 'చదువు రొట్టె, చదువు రొట్టె' అని అరస్తా ఉండాది. మా పాప డిగ్రీ అయిపోయింది, నేనిస్తా రామ్మా అంటి. రెండు చేతులా కళ్ళకద్దుకోని తీసుకునింది. ఏం చదువుతుండావమ్మా అంటే..."

కాదు కాదు, అది పోయినేడు! పొద్దున లిజనింగ్‌లో నన్ను పడగొట్టింది ఇదే. అవ్వ నోట వింటే మాత్రం తడబాటే లేదు, పాత ఏడు చెరిపి కొత్త ఏడు వేసుకున్నాను. ఆగిన చోటల్లా ఆమె "అదేందబ్బా" అని కాసేపు ఆకాశం చూస్తుంది, మళ్ళీ అందుకుంటుంది. కోచింగులో మార్కులు కొట్టేసే పనులన్నీ చేసింది, వినడం మానబుద్ధి కాలేదు.

"మరి నువ్వేం రొట్టె పట్టుకున్నావవ్వా?"

"పట్టుకున్నాలే ఒకటి."

ఆ రోజు పక్కనే 'విదేశీ రొట్టె' అని కేకలేస్తున్నవాళ్ళు గుర్తొచ్చారు నాకు. ట్రూ అని పెట్టేసుకోబోయి ఆగాను. అవ్వ చెప్పలేదు. నాట్ గివెన్. ఆమె మాట అప్పటికే చెప్పుల దగ్గరికి పోయింది. గట్టున విడిస్తే ఎవరైనా వేసుకుపోతారని రెంటినీ చంకలో పెట్టుకునిందట. రొట్టె అందుకోను రెండు చేతులూ చాపేసరికి ఒకటి జారి నీళ్ళల్లో పడిందట. వంగి తడిమితే ఎవరిదో మగవాళ్ళ చెప్పు దొరికిందట. "ఇంటిదాకా ఒంటి చెప్పుతోనే వస్తి. నువ్వు ఫోను చూసుకుంటా ముందు పోతా ఉంటివి."

నిజంగానే నాకు తెలీదు. తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు.

తర్వాత నేను మొదలుపెట్టాను, తెలుగులోనే. దర్గా, చెరువు, రొట్టె, జనం, ఎండ. ఒక నిమిషం ఐదు సెకన్లకి సరుకైపోయింది. ఇంగ్లీషు రాక ఆగిపోయాననుకున్నాను పొద్దున. తెలుగులోనూ అక్కడక్కడే ఆగాను! ఇంట్లో నేను మాట్లాడేవి "తిన్నా", "వస్తున్నా", "ఛార్జరేది". కాలేజీలో మూడేళ్ళూ "ప్రెజెంట్ సార్". ఒకే విషయం మీద, ఎవరూ అడ్డురాకుండా, రెండు నిమిషాలు ఎప్పుడు మాట్లాడాను? మాట్లాడతానంటే కూర్చుని వినేవాళ్ళు మంచం మీదే ఉన్నారు, నేనే కూర్చోలేదు.

అవ్వ ఊరుకోలేదు. "నీళ్ళు చల్లంగా ఉన్నియ్యా? నీ పక్కన నిలబడిందెవురు? రొట్టెలోకి ఏం పెట్టిరి?" అడిగిన కొద్దీ వచ్చింది. అడుగుతున్నవి ఆ కార్డు మీదున్నలాంటి ప్రశ్నలే.

ఇప్పుడు ఇంగ్లీషులో. క్యాచ్ జోలికి పోలేదు. నీకో కోరికుంటే ఒకరి దగ్గర రొట్టె తీసుకుంటావు, అది తీరితే వచ్చే ఏడు వచ్చి నువ్వు ఇంకొకరికి ఇస్తావు. చిన్న చిన్న వాక్యాలు. మధ్యలో నాయన పొలం నుంచి వచ్చి, బురదకాళ్ళతో గుమ్మం బయటే నిలబడి విన్నాడు. కాళ్ళు కడుక్కోడానికి కూడా పోలేదు. ఒక నిమిషం 48 సెకన్లు.

ఒక్క ముక్క అర్థం కాకపోయినా అవ్వ మొదట్నించీ తల ఊపుతూనే ఉంది. అయ్యాక అడిగింది, "చెప్పు సంగతి చెప్పినావా?"

లేదన్నాను.

"మరింకేం చెప్పినట్టు? మళ్ళీ చెప్పు."

స్టాప్‌వాచి సున్నాకి తెచ్చి మళ్ళీ మొదలుపెట్టాను.