బుడ్డోడి చిప్పకు నూనె రాయొద్దు, గోర్లు కత్తిరించొద్దు

మొన్న ఆదివారం నేను బజారుకు పోయి వచ్చేలోపల మా అవ్వ మా తాబేలు బుడ్డోడి వీపంతా శెనక్కాయ నూనె రాసి ఎండలో కూర్చోబెట్టింది. ఏమవ్వా ఇది అంటే "తోలు ఎండిపోయి పొట్టు లేస్తాంది నాయనా, చూడు పాపం" అంది. చలికాలంలో మా కాళ్ళు పగిలితే రాసే నూనె కూడా అదే, కాబట్టి ఆమె చేసింది పూర్తిగా ప్రేమతో చేసిన పని. గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి పాత టూత్‌బ్రష్ పెట్టుకుని అరగంట సేపు ఆ నూనె తుడుస్తూ అవ్వకు చెప్పినవన్నీ ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే ఇవే తప్పులు నేను కూడా చేశాను.

బుడ్డోడు నాలుగేళ్ళ కింద మా పక్కింటి వాళ్ళు బెంగళూరుకు మారిపోతూ ఇచ్చిపోయిన తాబేలు. అప్పుడు ఐదు రూపాయల బిళ్ళకన్నా కొంచెం పెద్దగా ఉండేవాడు, ఇప్పుడు నా అరచేతిలో పట్టడు. చెవి దగ్గర ఎర్ర చార ఉంటుంది, రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు. అమెరికాలో మిసిసిపీ నది వైపు పుట్టిన జాతి, మన దగ్గర చేపల అంగళ్ళలో అమ్ముతారు. ఇది నీటి తాబేలు. మనం నేల మీద తిరిగేదాన్నీ నీళ్ళలో ఉండేదాన్నీ రెండింటినీ తాబేలే అంటాం కదా, సగం పొరపాట్లు అక్కడే మొదలవుతాయి. చిప్ప మీద పలకలు ఒక్కొక్కటిగా పల్చటి పొరలాగా ఊడిపోవడం బుడ్డోడి లాంటి నీటి తాబేళ్ళకు మామూలు విషయం, పెరిగేటప్పుడు పాత పొర వదిలి కింద కొత్తది వస్తుంది. నేల తాబేలుకు అట్లా ఊడదు. దానికి పలకలు లేచిపోతుంటే భయపడాల్సిందే.

అవ్వకు ముందు చెప్పిన మాట, చిప్ప అనేది ఇల్లు కాదు, దాని ఒళ్ళే. వెన్నెముక, పక్కటెముకలు కలిసిపోయి ఆ చిప్ప అయ్యాయి, తాబేలు అందులోనుంచి బయటికి రావడం అనేదే ఉండదు. ఎముక పైన ఉండే పలకలు మన గోర్లలో ఉండే కెరటిన్‌తో తయారైనవి, వాటి కింద నరాలు ఉంటాయి, తాకితే తెలుస్తుంది. బ్రష్‌తో వీపు మీద రుద్దితే బుడ్డోడు నడుం అటూ ఇటూ ఊపుతాడు. మా చుట్టాల ఊర్లో చిన్నప్పుడు తాబేలు చిప్ప అంచుకు రంధ్రం చేసి తాడు కట్టి బావిలోకి దించడం చూశాను. అది ఎముకకు రంధ్రం వేయడమని అప్పుడు మాలో ఎవరికీ తెలియదు. ఇప్పుడు గుర్తొస్తే కడుపులో తిప్పుతుంది.

నూనె రాస్తే ఏమవుతుందంటే, దానికి దుమ్ము అంటుకుంటుంది, ఊడాల్సిన పొర ఊడకుండా పట్టుకుంటుంది, పొరల మధ్య తడి నిలిచిపోయి కుళ్ళు పట్టడానికి దారి అవుతుంది. మెరవాలని వార్నిష్, రంగు, గోర్ల పాలిష్ లాంటివి అసలే వద్దు. సగం లేచిన పొరను చేత్తో పీకొద్దు, ఎంత పీకాలనిపించినా సరే.

మా అనంతపురంలో ఇంకో గొడవ బోరు నీళ్ళు. ఆ ఉప్పు నీళ్ళు పోసినంతకాలం చిప్ప ఆరగానే తెల్లగా సున్నం కొట్టినట్టు కనిపించేది, నేను బూజు పట్టిందని టెన్షన్ పడి రాత్రంతా నిద్రపోలేదు. తేడా ఎట్లా తెలుస్తుందంటే, నీళ్ళ ఉప్పయితే గట్టిగా ఉంటుంది, వాసన రాదు, నీళ్ళలో వేయగానే కనిపించదు. కుళ్ళయితే ఆ చోటు మెత్తగా ఉంటుంది, చిన్న గుంట పడుతుంది, వాసన వస్తుంది, కొన్నిసార్లు ఎర్రగా కూడా ఉంటుంది. అట్లా ఉంటే ఇంట్లో వైద్యం చేస్తూ కూర్చోకుండా డాక్టరుకు చూపించండి. మామూలు పశువుల డాక్టరు చాలామంది ఆవులు, గొర్రెలే చూస్తారు, మాకైతే తిరుపతి వెటర్నరీ కాలేజీ లేదంటే బెంగళూరు దిక్కు. ఇప్పుడు నేను కొళాయి నీళ్ళు పట్టి ఒక రోజు బకెట్లో నిలబెట్టి పోస్తున్నాను, ఆ తెలుపు దాదాపు పోయింది.

చిప్పకు నిజంగా కావాల్సింది ఎండ. మొదటి సంవత్సరం బుడ్డోడిని కిటికీ పక్కన గాజు తొట్టిలో పెట్టి, ఎండ బాగానే తగులుతోందని అనుకున్నాను. చిప్ప అంచు వేలితో నొక్కితే వంగడం మొదలైంది. ఎండలో ఉండే యూవీబీ కిరణాలు మామూలు గాజును దాటి రావు, ఆ కిరణాలు లేకపోతే ఒంట్లో డి విటమిన్ తయారవదు, తిన్న కాల్షియం ఎముకకు పట్టదు. మూడు వందల అరవై రోజులు ఎండ కాసే ఊర్లో వాడికి ఎండ లేకుండా చేశాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది. తర్వాత పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా మిద్దె మీద పెట్టడం మొదలుపెట్టాను, కాల్షియం కోసం తొట్టిలో కటిల్ బోన్ ముక్క వేశాను, మూలికల అంగట్లో సముద్రపు నురుగు అంటే ఇచ్చేది ఇదే. గట్టిపడటానికి నెలలు పట్టింది. కానీ ఒక్క మాట, సగం తొట్టికి నీడ తప్పనిసరిగా ఉండాలి. మే నెలలో నలభై రెండు డిగ్రీల ఎండలో లోతు లేని తొట్టి నీళ్ళు నిమిషాల్లో కాగిపోతాయి, తాబేలు పారిపోలేదు, చచ్చిపోతుంది. నేను పక్కన లేకుండా వాడిని ఎప్పుడూ మిద్దె మీద వదలను.

ఈ విషయం విని మా బంధువు ఒకాయన "మా చేలో చుక్కల తాబేలు దొరికింది, దానికీ ఇట్లే చేస్తే సరిపోతుందా అప్పా" అని అడిగాడు. ఆ నక్షత్ర తాబేలు మన చేలల్లో, బీళ్ళలో ఉండేదే, కానీ 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో పెట్టుకోవడం నేరం. దొంగ వ్యాపారం ఎక్కువైందని 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని కూడా నిషేధించారు. అటవీ శాఖ వాళ్ళకు చెప్పమన్నాను, చెప్పాడు. అట్లాగే బుడ్డోడి లాంటి వాటిని పెంచలేక బుక్కరాయసముద్రం చెరువులో వదిలేద్దామని కూడా అనుకోవద్దు, ఇవి మన చెరువుల్లోని తాబేళ్ళకు తిండీ చోటూ లేకుండా చేస్తాయి.

ఇంక గోర్లు. రెండేళ్ళ కింద ముందు కాళ్ళ గోర్లు చూస్తుండగానే పొడుగైపోయాయి. ఇంత పొడుగుంటే గీరుకుంటుందని ఒక అంగడాయన నెయిల్ కట్టర్‌తో ఒక గోరు కత్తిరించాడు, నేను పట్టుకున్నాను. రక్తం కారింది. తాబేలు గోరు లోపల రక్తనాళం ఉంటుంది, తెల్ల గోరయితే వెలుతురుకు పెట్టి చూస్తే కనిపిస్తుంది, నల్ల గోరయితే కనిపించదు. ఇంటికి పరుగెత్తి కార్న్‌ఫ్లోర్ అద్ది గట్టిగా నొక్కి పట్టుకుంటే ఆగింది. అరవలేదు వాడు, తల లోపలికి లాక్కుని సాయంత్రం దాకా బయటికి తీయలేదు.

తర్వాతే తెలిసింది, ఈ జాతిలో మగదానికి పెద్దయ్యాక ముందు గోర్లు పొడుగ్గానే ఉంటాయి. ఆడదాని ముఖం ముందు వాటిని వణికించి దాన్ని మెప్పిస్తుంది. జబ్బు కాదు, పెరగడమే. వంకర తిరిగి నడవలేకపోతేనే డాక్టరు చేత తీయించాలి, మిగతావి గరుకు నేల ఉంటే వాటంతట అవే అరుగుతాయి. అందుకే పాలిష్ పెట్టని తాడిపత్రి బండ ముక్క ఒకటి తెచ్చి సగం నీళ్ళలో, సగం పైకి ఏటవాలుగా పెట్టాను. బండ ఎంత కాలిందో ముందు నా చేత్తో చూసుకుంటాను. తుడిచిన తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవడం మాత్రం మర్చిపోవద్దు, ముఖ్యంగా పిల్లలు, వీటి ఒంటి మీద సాల్మొనెల్లా అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఉండొచ్చు.

కత్తిరించిన ఆ గోరు మళ్ళీ పెరిగి మిగతా వాటితో దాదాపు సమానమైంది. నిన్న స్టీల్ బకెట్ పక్కన పెడితే అందులో తన నీడను చూసి రెండు చేతులూ ముందుకు చాపి గోర్లన్నీ వణికించాడు, ఆ గోరుతో సహా. అవ్వ పక్కనే కూర్చుని చాలాసేపు చూసింది. ఊడిన పలక పొర ఒకటి దొరికితే కడిగి ఆరబెట్టి తన వక్కాకు డబ్బాలో దాచిపెట్టుకుంది.